కిన్నెర మెట్లు: మైనం, కొలత, చెవి

(జానపద వాద్యాల కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట పాట తక్కువ, పని ఎక్కువ. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి మైనం వాసన తగులుతుంది, ఏమీ అనుకోకండి.

కిన్నెర అనగానే చాలామందికి పన్నెండు మెట్ల కిన్నెర, దర్శనం మొగిలయ్యగారు గుర్తొస్తారు. మెట్టంటే తీగని దేని మీద నొక్కితే స్వరం పలుకుతుందో ఆ చిన్న బద్ద. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక కిన్నెర కావాలని, నేర్చుకుంటామని అడిగేవాళ్ళు బాగా పెరిగారు. మంచిదే. కానీ అడిగే తీరులో ఒక చిక్కుంది. "హార్మోనియానికి సరిపోయేట్టు మెట్లు గట్టిగా బిగించి, కదలకుండా చేసి ఇవ్వండి" అంటారు. అక్కడే కిన్నెర పోతుంది. ఈ వాద్యంలో మెట్టు కదలాలి. మెట్టు ఎక్కడ కూర్చోవాలో వాయించేవాడి చెవి చెప్పాలి. కిన్నెర నేర్చుకోవడమంటే సగం మెట్లు కట్టడం నేర్చుకోవడమే. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ముందు వాద్యాన్ని చూద్దాం. ఇదిగో, వెదురు దండి. కింద రెండు గాని మూడు గాని సొరకాయ బుర్రలు. పైన మెట్లు. ఒక చివర తీగ బిగించే బిరడలు, రెండో చివర తీగని మోసే గుర్రం. పలికే తీగ ఒకటే. పక్కన ఉన్నవి శ్రుతి కోసం. వీణలాగా పనస మొద్దును తొలిచి చేసిన కుండ లేదు, పైపలక లేదు. తీగ కదలికని దండి బుర్రలకి అందిస్తే, బుర్ర గాలిలోకి వదులుతుంది. అంతే నిర్మాణం. తేలిగ్గా కనిపిస్తుంది గనుక దీన్ని "మోటు వాద్యం" అనేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఎందుకంటే దీని వెనక శాస్త్రం చాలా పాతది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవ రాజు సింఘణుడి కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం వాద్యాధ్యాయంలో కిన్నరి గురించి వివరంగా ఉంది. లఘ్వి, బృహతి అని చిన్నదీ పెద్దదీ చెప్పాడు. మెట్లకు ఎముక వాడమన్నాడు. మైనంలో కాల్చిన గుడ్డ మసి కలిపి మెట్లు నిలబెట్టమన్నాడు. చిన్నదానికి పద్నాలుగు మెట్లు. ఏడు మెట్లకు ఒక స్థాయి, అంటే స నుంచి పై స దాకా, పూర్తవుతుంది కాబట్టి పద్నాలుగంటే రెండు స్థాయిలు. మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. శివుడి ముందు కిన్నెర వాయించడమే ఆయన కాయకం, అంటే పూజగా చేసే పని. అంటే గ్రంథంలోనూ ఉంది, గుడి ముందూ ఉంది. తరవాత దీన్ని మోసింది డక్కలివాళ్ళు. మాదిగల పుట్టుక కథ జాంబపురాణం చెప్పే డక్కలి కళాకారుల చేతుల్లోనే పాలమూరు పల్లెల్లో కిన్నెర బతికింది. కర్ణాటకలో కిన్నరి జోగులు, రాజస్థాన్‌లో దేవనారాయణుడి కథ చెప్పే భోపాలు. ఆ భోపాల జంతర్‌కి కూడా వెదురు దండి, రెండు బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు ఉంటాయి. ఇదంతా ఒకే కుటుంబం.

చరిత్ర ఇక్కడికి చాలు. పనిలోకి వద్దాం.

వెదురు ముదిరి ఉండాలి, మూడేళ్ళకి తక్కువ వద్దు. లేత బొంగు ఎండాక ముడతపడుతుంది, తీగ బరువుకి వంగుతుంది. చలికాలంలో కొట్టండి. అప్పుడు బొంగులో పిండి పదార్థం తక్కువ, పుచ్చు పురుగు తక్కువ పడుతుంది. రెండు మూడు వారాలు పారే నీళ్ళలో నానేసి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల లావు, మీటరు పొడవు బాగుంటుంది. పైన గణుపుల దగ్గర ఉబ్బును చిత్రిక పట్టండి, లేకపోతే అక్కడ మెట్టు కూర్చోదు.

సొరకాయ విషయంలో అందరూ తొందరపడతారు. కాయని తీగ మీదే వదిలేయాలి, తొడిమ ఎండేదాకా. పచ్చిగా కోస్తే కుళ్ళుతుంది, లేదా ఒక పక్క లోపలికి గుంజుకుపోతుంది. కోశాక ఎండలో పెడితే పగులు. నీడలో, కింద గడ్డి వేసి, రెండు మూడు రోజులకోసారి తిప్పుతూ ఉంచండి. పైన బూజు వస్తుంది, భయపడకండి, అది తోలుకే. ఊపితే గింజలు గలగలలాడాయంటే ఎండినట్టు. అప్పుడు నోరు కోసి, లోపలి పీచు తీసి, వేపనూనె పూయాలి. నోరు మొదట చిన్నదిగానే కోయండి. నోరు చిన్నదైతే బుర్ర మోత కింది స్వరానికి దిగుతుంది, పెద్దదైతే పైకి పోతుంది. పెద్దది చేయడం ఎప్పుడైనా చేయొచ్చు, చిన్నది చేయలేం. ఏదో ఒక మెట్టు దగ్గర మాత్రమే శబ్దం గుబుక్కున లేచి వెంటనే చచ్చిపోతుంటే, ఆ స్వరమూ బుర్ర స్వరమూ ఒకటయ్యాయన్నమాట. నోటి అంచు కొద్దిగా గీకండి, పక్కకి జరుగుతుంది.

బుర్రని దండికి కట్టేచోట మధ్యలో గట్టి వస్తువు ఉండాలి. కొబ్బరి చిప్ప ముక్కని గుండ్రంగా కోసి పెడితే చాలు. మెత్తగా ఉంటుందని తోలు గాని గుడ్డ గాని పెట్టారో, నాదం అక్కడే ఆగిపోతుంది. తాడు బిగువుగా ఉండాలి. వేలితో బుర్రని కదిపితే కదిలిందంటే మళ్ళీ కట్టుకోవాల్సిందే.

ఇప్పుడు తీగ. పూర్వం నరం, వెంట్రుకలు వాడారు. వాటి ధ్వని మెత్తన, కానీ వానాకాలంలో నరం తేమ పీల్చి పదే పదే శ్రుతి తప్పుతుంది. ఇప్పుడు ఉక్కు తీగే వాడుక. మనం 72 సెంటీమీటర్ల తీగ అనుకుందాం, గుర్రం నుంచి బిరడల దగ్గర తీగ ఆనే పట్టీ దాకా. 72 ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. 0.30 మిల్లీమీటర్ల ఉక్కు తీగని మగవాళ్ళ ఒకటో శ్రుతికి (C) బిగిస్తే దండి మీద దాదాపు రెండు కిలోల లాగుడు పడుతుంది. అదే తీగని ఐదో శ్రుతికి (G) లాగితే నాలుగున్నర కిలోలు. శ్రుతి ఒకటిన్నర రెట్లు పెరిగితే లాగుడు రెండుంపావు రెట్లు పెరుగుతుంది, అది లెక్క. వెదురు వంగుతుంది, మెట్ల ఎత్తులన్నీ మారిపోతాయి. పై శ్రుతి కావాలంటే సన్నని తీగ వేసుకోండి, ఉన్న తీగని హింసించకండి. [నవ్వులు]

ఇంకో మాట. తీగ ఎక్కించి, కావలసిన శ్రుతిలో రెండు రోజులు వదిలేయండి. వెదురు ఎంత వంగాలో అంత వంగనివ్వండి. ఆ తరవాతే మెట్లు. తీగ లేకుండా మెట్లు కట్టి తరవాత తీగ ఎక్కిస్తే, కట్టిన పనంతా వృథా.

మెట్లు దేంతో చేయాలి? పాత కిన్నెరల్లో అలుగు పొలుసులు ఉండేవి. గట్టిగా, నున్నగా ఉంటాయి, తీగకి తొందరగా అరగవు. కానీ అలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పొలుసు కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరమే. "పాత పద్ధతి కదా" అనే మాట అక్కడ చెల్లదు. అవసరం కూడా లేదు. ముదురు వెదురు బద్దని నిప్పు సెగ చూపించి గట్టిపరిచి, పైఅంచుకి సన్నని ఇత్తడి తీగ దిగేస్తే మెట్టు అద్భుతంగా పలుకుతుంది. వెదురు ఒక్కటే అయితే ఉక్కు తీగ ఒత్తిడికి గాడి పడుతుంది, గాడి పడ్డ మెట్టు జిర్రుమంటుంది. మెట్టు పొడవు మూడు సెంటీమీటర్లు, ఎత్తు ఒకటిన్నర, అడుగున దండి గుండ్రానికి సరిపోయేట్టు వంపు తీయాలి. ఆ వంపు సరిగ్గా లేకపోతే భారమంతా మైనం మీద పడుతుంది.

మైనం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, క్షమించాలి.

ఉత్త తేనె మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. మన ఎండాకాలం 43, 44 డిగ్రీలు. ఉత్త మైనంతో కట్టిన మెట్టు మే నెలలో వేలి ఒత్తిడికే పక్కకి ఒరుగుతుంది. అందుకే కలపాలి. వంద గ్రాముల మైనానికి పాతిక గ్రాముల గుగ్గిలం పొడి, చెంచాడు మెత్తని బొగ్గు మసి. గుగ్గిలం గట్టితనం ఇస్తుంది. మసి జారిపోకుండా పట్టు ఇస్తుంది. శార్ఙ్గదేవుడు గుడ్డ మసి అన్నది కూడా ఈ పనికే. వీణకి మేళం కట్టేవాళ్ళూ, అంటే మెట్లు అమర్చేవాళ్ళూ, ఇలాంటి నల్ల మైనమే వాడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేచోట చూడండి, ఇరవై నాలుగు మెట్లు మైనం మీదే నిలబడతాయి.

గుగ్గిలం ఎక్కువైతే? మైనం పెళుసవుతుంది. చలికాలం తెల్లవారుజామున వాయిస్తుంటే మెట్టు టక్కున ఊడి చేతికొస్తుంది. తక్కువైతే ఎండకి జారుతుంది. ఆదిలాబాద్ చలికి ఒక పాళ్ళు, రామగుండం ఎండకి ఒక పాళ్ళు. ఎండాకాలానికి ముప్ఫై గ్రాములకి పెంచుకోండి, చలికాలానికి ఇరవైకి తగ్గించుకోండి. పరీక్ష సులువు. చల్లారిన మిశ్రమాన్ని పెన్సిలంత లావు కడ్డీ చేసి మెల్లగా వంచండి. వంగి, తరవాత విరగాలి. వంగకుండా విరిగితే గుగ్గిలం ఎక్కువ. విరగకుండా వంగుతూనే ఉంటే తక్కువ.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. గిన్నెలో నీళ్ళు పోసి, అందులో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. గుగ్గిలం పొడి ఆ వేడికి పూర్తిగా కరగదు, చివర్లో రెండు నిమిషాలు సన్న సెగ మీద పెట్టి కలుపుతూ దించేయాలి. ఆ రెండు నిమిషాలు ఫోను చూడకూడదు.

ఇప్పుడు 72 సంగతి. గుర్రం నుంచి కొలుస్తాం. పూర్తి తీగ షడ్జమం, అంటే స. సరిగ్గా సగం, 36 దగ్గర, పై షడ్జమం. 48 దగ్గర పంచమం. 54 దగ్గర శుద్ధ మధ్యమం. 64 దగ్గర చతుశ్శ్రుతి రిషభం. అంతర గాంధారం (పైది) 57.6, సాధారణ గాంధారం (కిందిది) కావాలంటే 60. చతుశ్శ్రుతి ధైవతం 43.2, శుద్ధ ధైవతం 45. కాకలి నిషాదం 38.4, కైశికి 40. ఇదీ 72తో ఉన్న సుఖం, అంకెలు తేలిగ్గా పడతాయి. ఏడు మెట్లకి ఒక స్థాయి అయింది. మిగిలిన అయిదు పై స్థాయిలో రి, గ, మ, ప, ధ. కింది కొలతలో సగం చేస్తే చాలు: రిషభం 32, మధ్యమం 27, పంచమం 24, అలా.

ఈ అంకెల ప్రకారం పెడితే శ్రుతి కుదురుతుందా? కుదరదు. మెట్టు ఎత్తుగా ఉంది, తీగని కిందకి నొక్కుతున్నాం, నొక్కినప్పుడు తీగ సాగి బిగుస్తుంది, స్వరం కాస్త పైకి పోతుంది. కాబట్టి ప్రతి మెట్టునీ లెక్క కన్నా కొంచెం బిరడల వైపు జరపాలి. ఒక మిల్లీమీటరా, మూడా అన్నది మీ తీగ, మీ మెట్టు ఎత్తు, మీ వేలి బరువు నిర్ణయిస్తాయి. ఇక్కడ స్కేలు పక్కన పెట్టి చెవి తీయాలి.

క్రమం ముఖ్యం. మొదట 36 మెట్టు. తీగ నడిమధ్యన వేలు మెత్తగా తాకించి మీటి వెంటనే వేలు తీసేయండి. పై షడ్జమం దానంతటదే పలుకుతుంది. అది స్వయంభూ స్వరం. విజయనగరంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో వీటిని ప్రమాణంగా చెప్పుకున్నాడు. ఆ స్వరాన్ని చెవిలో ఉంచుకుని, మెట్టు మీద నొక్కి పలికించి, రెండూ కలిసేదాకా మెట్టు జరపండి. తరవాత పంచమం. శ్రుతి తీగ మోగుతుండగా పంచమం మీటితే, తప్పుగా ఉన్నప్పుడు గాలిలో ఒక ఊగు వినిపిస్తుంది. ఉఁ... ఉఁ... ఉఁ... అని. మెట్టు జరుపుతున్నకొద్దీ ఆ ఊగు నెమ్మదించి, ఆగిపోతుంది. ఆగినచోట మెట్టు. వినండి. [వాయించి చూపించారు] తరవాత మధ్యమం, ఆ తరవాత రిషభం. గాంధారం, ధైవతం, నిషాదం చివర్లో. ఎందుకంటే పాటని బట్టి మారేవి ఇవే. పాలమూరు వైపు పాటల్లో గాంధారం ఒక్కోసారి సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో కూర్చుంటుంది. హార్మోనియంలో ఆ మెట్టు లేదు. కిన్నెరలో ఉంటుంది, మీరు పెడితే.

ఎత్తు సంగతి కూడా ఇప్పుడే. ఒక మెట్టు నొక్కితే జిర్రుమంటుంటే తప్పు ఆ మెట్టుది కాదు, గుర్రం వైపు దాని పక్క మెట్టుది. అది ఎత్తుగా ఉంది. చెంచా కాడ వేడిచేసి మైనానికి తాకించి, మెట్టుని గోరంత కిందకి దించండి. కింద మైనం పరుపు పల్చగా ఉండాలి. మందంగా వేస్తే మెట్టు మెత్తటి దాని మీద కూర్చుని తీగ బలాన్ని మింగేస్తుంది, స్వరం మొద్దుగా వస్తుంది. దండిని మెట్టు దాదాపు తాకాలి, మైనం చుట్టూ పట్టుకోవాలి, అంతే.

(సభ నుంచి ప్రశ్న: వీణలాగా తీగని పక్కకి లాగి, స్వరాన్ని ఊపే గమకం పలికించొచ్చా, సార్?)

లాగొచ్చమ్మా, కానీ జాగ్రత్త. వీణలో మెట్లన్నీ రెండు వరసల మైనపు గట్టు మీద కూర్చుంటాయి, పక్కకి లాగినా తట్టుకుంటాయి. ఇక్కడ ఒక్కో మెట్టుకి ఒక్కో ముద్ద. గట్టిగా లాగితే మెట్టు ఒరుగుతుంది. కిన్నెరకి జారు అందం. చూపుడు వేలు, మధ్య వేలు జంటగా పెట్టి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి, నొక్కు వదలకుండా జరపాలి. వేలు మెట్టుకి ఆనుకుని, బిరడల వైపు ఉండాలి. మెట్టు నెత్తి మీద పెడితే స్వరం చచ్చుబడుతుంది, మరీ వెనక్కి పెడితే జిర్రు. మీటేది కుడి చూపుడు వేలి గోటితో, గుర్రానికి నాలుగు వేళ్ళ దూరంలో. గుర్రానికి మరీ దగ్గర మీటితే శబ్దం రేకులా ఉంటుంది.

పాటతో ఎలా కలపాలంటే, మొదట నోటితో ఒక చరణం, వెంటనే అదే వరసని కిన్నెర మీద. పాడుతున్నప్పుడు తీగ గొంతు వెంటే నడవాలి, మాట అర్థమయ్యేంత చిన్నగా. పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథలాంటివి గంటల తరబడి చెప్పేవి. అక్కడ వాద్యం పని కథకుడికి ఊపిరి తీసుకునే జాగా ఇవ్వడం. వేగంగా వేళ్ళు తిప్పి చప్పట్లు కొట్టించుకోవాలనుకునేవాళ్ళకి వేరే వాద్యాలున్నాయి. వరసల్ని మాత్రం పుస్తకం చూసి కాదు, డక్కలి కళాకారుల దగ్గర కూర్చుని నేర్చుకోండి, వాళ్ళ సమయానికి డబ్బిచ్చి నేర్చుకోండి. ఎవరైనా "కాకతీయుల కాలం నాటి బాణీ" అని వాయించి చూపిస్తే మర్యాదగా విని ఊరుకోండి. ఆ కాలపు కిన్నెర పాట వరస రాతలో మనకి దక్కలేదు. దక్కింది వాద్యం కట్టే పద్ధతి, ఈ రోజు వినపడే గొంతులు.

(ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి ఒకటి తీసుకెళ్ళొచ్చా?)

పాత కిన్నెర అయితే ముందు మెట్లు పరీక్ష చేయించండి. అలుగు పొలుసు ఉంటే విమానాశ్రయంలో పట్టుకుంటారు, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కూడా నిషేధమే. కొత్తదైతే బుర్ర లోపల గింజ ఒక్కటి కూడా లేకుండా శుభ్రం చేసి, చెక్క, వెదురు వస్తువుగా కస్టమ్స్ కాగితంలో రాయండి. తీగ పూర్తిగా తీయొద్దు, రెండు స్వరాలు దించండి. పూర్తిగా తీస్తే దండి తిరిగి నిటారై మెట్ల ఎత్తులు చెదురుతాయి. కారు ఎండలో ఆపి అందులో వదిలేయకండి. మూసిన కారు లోపల వేడి అరవై దాటుతుంది. తిరిగొచ్చేసరికి పన్నెండు మెట్లూ పడుకుని ఉంటాయి.

(ప్రశ్న: మైకు ఎక్కడ పెట్టాలి?)

పెద్ద బుర్ర నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా. సూటిగా నోటికి ఎదురు పెడితే గుమగుమ తప్ప తీగ వినిపించదు. దండికి అతికించే మైకు వద్దు, వేలు జారిన ప్రతిసారీ గీరుడు శబ్దం వస్తుంది.

సరే, ఒకటి రెండు వరసలవాళ్ళు దండీలు తీసుకుని ఇటు రండి. తీగలు మొన్ననే ఎక్కించి ఉంచాం, కాబట్టి మెట్లు ఇవాళే కట్టొచ్చు. స్టవ్ వెలిగించండి, నీళ్ళ గిన్నె ముందు పెట్టండి. 36 మెట్టుతో మొదలుపెడదాం.